మూడో పెడల్

మా అన్నయ్యకి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశాక, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అన్నారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. ప్రాణం దక్కినవాడు రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. బత్తాయిలు మంచం పక్కన పెట్టేసి, టీ తాగేసి వెళ్లిపోయేవారు. సుగరు ముదిరి కాలు పోగొట్టుకున్న మనిషికి బత్తాయిలు.

మా నాన్న శ్రీకాకుళం నుంచి హౌరాకి, షాలిమార్ గూడ్సు యార్డులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. అన్నయ్యా నేనూ ఇక్కడే పుట్టాం. టికియాపారాలో రైలు పట్టాల పక్క సందులో రెండు గదుల ఇల్లు మాది. వదిన పోయి ఆరేళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ఓపిక కూడా ఇప్పుడు ఎవరికీ లేదు. ఇంట్లో మేమిద్దరమే. నేను దగ్గర్లోని తెలుగు బడిలో ఒకటో తరగతికి చెప్తాను. మా తరగతిలో పదకొండుమంది పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొట్టు దగ్గర బెంగాలీ మాట్లాడుకునే పిల్లలు. వాళ్లకి అక్షరాలు రావడం కష్టం గానీ లెక్కలు తొందరగానే వస్తాయి. బల్ల మీద చింతపిక్కలు పోసి, "చూసి చెప్పకూడదు, వేలు పెట్టి ముట్టుకుని లెక్కపెట్టాలి" అని చెప్తాను. చూసి చెప్పినవాడికి నా దగ్గర మొట్టికాయ తప్పదు.

అన్నయ్య పద్దెనిమిదో ఏట స్టీరింగు పట్టుకున్నాడు. మొదట మున్సిపాలిటీ వాళ్ల నీళ్ల ట్యాంకరు. తర్వాత పద్నాలుగేళ్లు కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక బెంగాలీ పెద్దావిడ ఇంట్లో. ఆవిణ్ణి మేం మాషీమా, అంటే పిన్నిగారు, అంటాం. ఆవిడ భర్త ఉన్నన్నాళ్లూ ఆయన్ని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చింది అన్నయ్యే. చివరిసారి మెట్లు ఎక్కలేకపోతే ఎత్తుకుని తీసుకెళ్లాడట. అన్నయ్య ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు, మాషీమాయే చెప్పింది.

కాలు తీసింది చలికాలంలో. ఆ తర్వాత అన్నయ్య కిటికీ పక్క మంచం దిగేవాడు కాదు. చంకకర్రలు గోడకి ఆనించి ఉండేవి. పొద్దున నేను మాత్రలు తీసి అరచేతిలో వేస్తే, చూడకుండా నోట్లో వేసుకుని నీళ్లు తాగేవాడు. ఏ మాత్ర దేనికో అడిగేవాడు కాదు. ఒకసారి నేను కావాలనే, "ఇయ్యాల ఇసం ఏసినాను" అన్నాను. "ఎయ్యి" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

చైత్రంలో మాషీమా ఫోన్ చేసింది. ఆవిడ పాత కారుకి పదిహేనేళ్లు నిండితే తుక్కు కింద ఇచ్చేశారు. బొంబాయిలో ఉండే అల్లుడు తన కారుని ఆవిడకి పంపించేశాడు. అది వచ్చి రెండు నెలలైంది, కింద పార్కింగులో పడి ఉంది. పక్కింటివాళ్లు ఒక డ్రైవర్ని మాట్లాడి పెట్టారు, రేపటి నుంచి రమ్మనాలా వద్దా అన్నది ఈ సాయంత్రంలోగా చెప్పాలి.

"కానీ నాకు మీ దాదాయే కావాలి" అంది మాషీమా. "ఈ రోజుల్లో గేర్ లేని బండ్లు వస్తున్నాయట, వాటికి ఎడమ కాలితో పని లేదట కదా. ఇది అలాంటిదైతే అతన్నే రమ్మంటాను. ఏ రకమో నాకు తెలీదు. నేను జన్మలో ముందు సీట్లో కూర్చోలేదు."

కూతురికి ఫోన్ చేస్తే, అలాంటివి నాకేం తెలుసమ్మా, ఆయన పనిలో ఉన్నారు, అడిగి చెప్తాను అందట. "చూస్తే తెలిసిపోయేదానికి ఫోన్లెందుకు, నేనొచ్చి చూస్తాను" అన్నాను నేను. నేనే అన్నాను.

ఈ మాట చెప్పగానే అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. మూడు నెలల్లో తనంతట తను లేచి కూర్చోవడం అదే మొదలు.

"ఒలే, రెండు పెడళ్ల బండయితే నాను తోల్తాను. ఎడంకాలితో పనేటుంది దానికి?"

లైసెన్సు మార్పించుకోవాలి, డాక్టరు దగ్గర కాయితం తేవాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. అవన్నీ తర్వాత. ముందు బండి ఉండాలి. ఆ పొద్దున నేను జడ వేసుకుంటూంటే అన్నయ్య నాకు పాఠం చెప్పాడు. నేను పిల్లలకి చెప్పినట్టే, ఒకటికి రెండుసార్లు, అప్పజెప్పించుకుంటూ.

"గేర్లు నేని బండి అంటారు గానీ అది తప్పు మాట. గేర్లు నేకుండా బండెలా నడుస్తాది? లోపల ఉంటాయి. అయి మారిసే పని మనది కాదు, బండిదే. గేరు కర్ర సూసి మోసపోకు, రెంటికీ ఉంటాది. దాని మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటే మన సెయ్యి మార్సాల. అంకెలు నేకుండా అక్షరాలుంటే దానంతటదే మారుతాది. ఇంకో రకముంది, సగం సగం. క్లచ్చి నొక్కే పని లోపల మిషను సేసుకుంటాది. గేరు మారినప్పుడల్లా మనిషి ముందుకి తూగుతాడు. అదయినా నాకు పరవానేదు."

"ఇన్ని గుర్తెట్టుకోవాలా?"

"ఏటీ వద్దు. కాళ్ల దగ్గర సూడు. మూడుంటే క్లచ్చి ఉన్నట్టు. రెండే ఉంటే లేనట్టు. కాళ్ల దగ్గర అబద్దముండదు. సూసి ఊరుకోకు, ఎడం పక్కదాన్ని సేత్తో నొక్కు. క్లచ్చి అయితే మెత్తగా కిందికంటా పోతాది."

బడికి సగం రోజు సెలవు పెట్టి, హౌరా నుంచి సాల్ట్ లేక్ బస్సెక్కాను. డ్రైవరు వెనకే కూర్చున్నాను. దారి పొడుగునా అతని ఎడమ కాలే చూశాను. ప్రతి సిగ్నలు దగ్గరా, ప్రతి గతుకు దగ్గరా ఆ కాలు లేస్తూ పడుతూనే ఉంది. ముప్పై ఏళ్లకి పైగా మా అన్నయ్య కాలు చేసిన పని అది. ఒక్క పూట కూడా నేను దాన్ని గమనించలేదు. ఇంటికొచ్చి కాలు లాగుతోందంటే, నూనె రాసుకో అని చెప్పి నా పని నేను చూసుకున్నాను.

మాషీమా నాతో పాటు కింద పార్కింగులోకి వచ్చింది. కారు గోడకి మూతి పెట్టి నిలబెట్టి ఉంది, దాని మీద వేలెడు మందం దుమ్ము. డ్రైవరు వైపు తలుపుకీ స్తంభానికీ మధ్య మనిషి పట్టీ పట్టనంత సందు. వాచ్‌మన్ బీడీ ఆర్పేసి వచ్చి నిలబడ్డాడు. నేను ఆ రోజు గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకున్నాను. పెద్దింటికి వెళ్తున్నాం కదా అని.

తలుపు సగం తెరుచుకుంది. గేరు కర్రకి మాషీమా ఊలుతో తొడుగు అల్లి వేసింది, దుమ్ము పడకుండా. దాని కుచ్చులు చుట్టూరా పరుచుకుని ఉన్నాయి. అది తీసి చూడాలంటే విప్పాలి. పక్కనే నిలబడి "నేనే అల్లాను" అని చెప్తున్న మనిషి ముందు దాన్ని పీకడం బాగుండదనిపించింది. అయినా అన్నయ్య కాళ్ల దగ్గర చూడమన్నాడు కదా. ఫోన్ లైటు వేసి వంగాను.

కుడి పక్క సన్నంగా నిలువుగా ఒకటి. మధ్యలో వెడల్పుగా ఒకటి. ఎడమ పక్క ఇంకొకటి. నల్లగా, మీద రబ్బరు గీతలతో, మిగతా రెంటికీ తోబుట్టువులా ఉంది.

మూడు.

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. అన్నయ్యది బొత్తాల ఫోను, ఫొటో పంపే వీలు లేదు. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎన్ని?"

"మూడు."

వెనకాల రైలు వెళ్తున్న చప్పుడు.

"సరిగా సూసినావా?"

"మూడన్నాను కదా. ఒకటో తరగతికి లెక్కలు సెప్పేదాన్ని, రెండుకీ మూడుకీ తేడా తెల్దా నాకు?"

"అది కాదే. ఎడందాన్ని నొక్కినావా? లోపలికి పోయిందా?"

"నొక్కినాను. పోయింది."

"సరే" అన్నాడు. తర్వాత, "ఇంటికొచ్చెయ్. ఎండగా ఉన్నాది" అన్నాడు.

నేను నొక్కలేదు.

ఎందుకు అబద్ధమాడానా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నొక్కాలంటే ఆ ఇరుకు సందులోంచి సీటు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాలి. చీర పాడవుతుంది. వాచ్‌మన్ చూస్తున్నాడు. మధ్యాహ్నం బడికి అందుకోవాలి. ఇవన్నీ నిజమే. కానీ అసలు సంగతి, కళ్ల ముందు కనపడేదాన్ని నేను మళ్లీ పరీక్షించాలా అన్న పొగరు. చిన్నప్పట్నుంచీ నన్ను ఒకటికి రెండుసార్లు అడిగే అలవాటు అన్నయ్యకి. స్టవ్వు ఆర్పినావా, తలుపేసినావా, నొక్కి సూసినావా. ఆ అడగడం మీద నాకు పాత కోపం. ఆ కోపం రాకూడని పూట బయటికొచ్చింది.

మాషీమాకి "గేర్ బండే" అని చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "కపాళ్" అంది, అంతా తలరాత అన్నట్టు నుదురు ముట్టుకుని. టీ ఇచ్చింది. తాగాను. మర్నాటి నుంచి పక్కింటివాళ్లు చూసిన డ్రైవరు పనిలో చేరాడు.

ఆ తర్వాత అన్నయ్య ఆ బండి మాట ఎత్తలేదు. ఒకటి రెండుసార్లు నేనే, ఇంకెక్కడైనా గేర్ లేని బండి చూద్దామా అన్నాను. "కుంటోణ్ణి నమ్మి బండిచ్చేది లోకంలో ఒకావిడే. ఆవిడ బండికి మూడున్నాయి" అన్నాడు. అది నిజం.

వానాకాలం వచ్చింది, సందులోకి నీళ్లొచ్చాయి, పోయాయి. ఆ నీళ్లు పోయే రోజుల్లోనే కుడి కాలు సంగతి తెలిసింది. అన్నయ్య కర్రల మీద స్నానానికి వెళ్తుంటే చెప్పు జారి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. తను చూసుకోకుండా వెళ్లిపోయాడు. "సెప్పేదీ?" అన్నాను. "కాలికున్నాది" అన్నాడు. కిందికి చూసుకుని లోపలికెళ్లాడు. డాక్టరు అరికాలికి సూది గుచ్చి తెలుస్తోందా అని అడిగాడు. తెలీలేదు. నరాలు పోయాయి, ఇక రావు, కాలు జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. మాత్రల్లో ఇంకోటి పెరిగింది.

ఏటా దసరా తర్వాత అన్నయ్య సాల్ట్ లేక్ వెళ్లి మాషీమా కాళ్లకి దణ్ణం పెట్టి, ఆవిడ పెట్టిన సందేశ్ మిఠాయి తిని వచ్చేవాడు. ఈ ఏడు వెళ్లలేకపోయాడు గనక, ఒక ఆదివారం పొద్దున ఆవిడే బయల్దేరి వచ్చింది. వస్తున్నట్టు నాకు ముందే ఫోన్ చేసింది. అన్నయ్యకి చెప్పలేదు, చూసి సంతోషిస్తాడని.

మా సందు మొదట్లో బండి తిప్పుకోవడం కష్టం. కారు ముందుకొచ్చింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. అన్నయ్య కిటికీ పక్కన గడ్డం ఎత్తి వింటున్నాడు. కారు చూడలేదు, కిటికీలోంచి అది కనపడదు కూడా. విన్నాడంతే.

"ఎవులి బండది?"

"మాషీమాది."

"నువ్వు సూసొచ్చిందేనా?"

"అదే."

"దానికి క్లచ్చి నేదు" అన్నాడు అన్నయ్య.

"మూడున్నాయి. నాను సూసినాను."

"ముందుకీ ఎనక్కీ రెండుసార్లు మారింది. క్లచ్చి వొదిలితే ఇంజను గొంతు దిగి లేస్తాది. ఒక్కసారీ దిగలేదు." కర్రల కోసం చెయ్యి చాపాడు.

మా గుమ్మం నుంచి సందు మొదటికి ముప్పై అడుగులుంటాయి. వానాకాలం తర్వాత అన్నయ్య అంత దూరం నడవలేదు. మాషీమా కారు దిగుతూ, మిఠాయి పెట్టె చేత్తో పట్టుకుని, "అరే, నువ్వెందుకొచ్చావు, నేనే వస్తున్నాగా" అంటోంది. అన్నయ్య వంగి ఆవిడ కాళ్లు ముట్టుకోబోయాడు, కుదరలేదు. ఆవిడే భుజం పట్టుకుని ఆపింది. డ్రైవరు బిహార్ మనిషి, పెద్దవాడే. అన్నయ్య అడగ్గానే మర్యాదగా దిగి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

అన్నయ్య కర్రలు నాకిచ్చి, తలుపు పట్టుకుని, సీటు మీద చెయ్యి ఆనించి కిందికి వంగాడు. పగటి వెలుగులో అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. కుడి పక్కదాన్ని ముట్టుకున్నాడు. మధ్యదాన్ని ముట్టుకున్నాడు. ఎడమ పక్కదాని మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. అది కదల్లేదు. మళ్లీ బలంగా నొక్కాడు. నేలకి బిగించిన పలక అది, కదలడానికి దానికేమీ లేదు.

"పాదం ఆన్చుకునే పలక" అన్నాడు. "ఎడం కాలికి పని నేదు కదా, ఊరికే పెట్టుకుని కూకోడానికి. మన పాత బండికీ నేదు, ట్యాంకరుకీ నేదు."

మాట అర్థం కాకపోయినా, పలక మీది చెయ్యి చూసి డ్రైవరు నవ్వి, "అవును దాదా, చాలా సుఖంగా ఉంటుంది" అన్నాడు హిందీలో.

నేను అన్నయ్య మొహం చూడలేకపోయాను. ఆ పలక నొక్కితే పోదు. పోయిందని నేను చెప్పాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకోవడానికి అన్నయ్యకి ఎంతసేపు పడుతుంది? నాకు తెలుసు, ఏమీ పట్టదు.

"ఒక్కసారి కూకుంటాను" అని మాషీమాని అడిగాడు. కూర్చో బాబూ కూర్చో అందావిడ. కూర్చున్నాడు. ఇంజను ఆపే ఉంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, కుడి పాదం ఎత్తి బ్రేకు మీద పెట్టాడు. పెట్టి కిందికి చూసుకున్నాడు. పాదం ఎక్కడుందో చూసుకుని, మళ్లీ తల ఎత్తి, మళ్లీ కిందికి చూశాడు.

"ఆనిందా?" అన్నాను.

"సూస్తే కనపడతాంది" అన్నాడు. "ఆనినట్టు తెల్దు."

చైత్రంలో తెలిసేది. ఆ పాదానికి అప్పుడు చలి తెలిసేది, చీమ కుడితే తెలిసేది, బ్రేకు తెలిసేది. చైత్రం నుంచి భాద్రపదం దాకా, ఆ కాలు ఇంకా కాలుగా ఉన్నన్నాళ్లూ, మా అన్నయ్య కిటికీ పక్కన కూర్చుని గడిపేశాడు. తర్వాత ఈ సంగతి విన్న ఒకరిద్దరు, పోనీలే, తోల్తుండగా ఆ కాలు తిమ్మిరెక్కితే ఎంత ప్రమాదం, అంతా మన మంచికే అన్నారు. ఆ నాలుగైదు నెలలు తనవి. వాటిని తోలుకోవడమో మానుకోవడమో తను తేల్చుకోవాల్సింది. నేను తేల్చేశాను, చీర నలగకుండా.

"ఏమైంది?" అంది మాషీమా, మా ఇద్దరి మొహాలూ చూసి. ఆవిడకి మా తెలుగు రాదు.

"కిచ్చు నా, మాషీమా" అన్నాడు అన్నయ్య. ఏం లేదన్నాడు. బండి బాగుందన్నాడు. దిగి, కర్రలు తీసుకున్నాడు.

ఆవిడ మా గదిలో గంటసేపు కూర్చుంది. పాత బండి కబుర్లు, వాళ్లాయన కబుర్లు. అన్నయ్య నవ్వాడు కూడా. వెళ్లేటప్పుడు కారు సందు మలుపు తిరిగే దాకా గుమ్మంలో నిలబడి విన్నాడు. అప్పుడు నేను చెప్పేద్దామనుకున్నాను. "అన్నియ్యా, ఆ పొద్దు నాను..." అని మొదలుపెట్టాను.

"నువ్వు మూడన్నావు. మూడే ఉన్నాయి" అన్నాడు, నా వైపు తిరక్కుండా. "పలక సంగతి నాను సెప్పలేదు. నాదే తప్పు."

నొక్కావా అని మాత్రం అడగలేదు. అడిగితే బాగుణ్ణు. తిట్టినా బాగుణ్ణు.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే మాత్రలు తీసి అరచేతిలో వేశాను. ఐదు. అన్నయ్య నోట్లో వేసుకోలేదు. వెలుగు పడేట్టు చెయ్యి కిటికీ వైపు తిప్పుకుని, రెండో చేతి చూపుడు వేలితో ఒక్కొక్కదాన్నీ ముట్టుకుని, పక్కకి జరిపి లెక్కపెట్టాడు. సరిపోయాయి. అప్పుడు నీళ్లిమ్మన్నాడు. ఆ రోజు నుంచీ రోజూ అలాగే లెక్కపెట్టుకుని మింగుతున్నాడు.